రెండో పేట తల

రాజోలు,
ఫిబ్రవరి 12

దొడ్డమ్మా,

ముందుగా ఇక్కడ అంతా క్షేమం అని రాయాలి కదా. రాయను. క్షేమంగా లేను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని అనుకోకు. ఫోన్‌లో నీకు వినపడదు, చెవి మిషను కుయ్యిమంటుంది, పక్కింటి తులసి వచ్చి నీ బదులు మాట్లాడుతుంది. ఇది తులసి వినేది కాదు. వాట్సాప్‌లో పెడదామంటే, పోయిన వారం నేను ఒక స్నేహితురాలికి పెట్టిన మెసేజి మర్నాటికల్లా రొయ్యల రైతుల గ్రూపులో తిరిగింది. ఎవరు పంపారో ఇప్పటికీ తెలీదు. అందుకని అంటించిన కవరునే నమ్ముతున్నాను.

సంగతి చెబుతాను. రైతులు చెరువుల్లో వదలబోయే రొయ్యపిల్లకి వైట్ స్పాట్ వైరస్ ఉందో లేదో చూసి చెప్పడమే మా లాబ్ పని అని నీకు తెలుసు కదా. రైతు సంఘం పెద్ద కామరాజు గారు డిసెంబరు చివర్లో పిల్ల వేశారు. "వైరస్ లేదు" అని రిపోర్టు ఇచ్చింది మేమే, కింద సంతకం నాది. ముప్పై ఎనిమిదో రోజుకి రొయ్యలన్నీ గట్టు వారకి వచ్చి చచ్చిపోయాయి. పెంకుల మీద తెల్లమచ్చలు. తర్వాత ఇంకో ఇద్దరు రైతుల చెరువులూ అలాగే పోయాయి. ముగ్గురికీ మా రిపోర్టే, ముగ్గురికీ నా సంతకమే.

నేను సంతకాలు అమ్ముకున్నానని ఊళ్ళో అనుకుంటున్నారు. నిన్న టీ తాగుదామని వెళ్తే అక్కడున్నవాళ్ళు మాటలు ఆపేశారు. ఆ టీ నేను తాగలేకపోయాను దొడ్డమ్మా.

నేను ఏ తప్పూ చేయలేదు. ప్రతి పరీక్షలో రెండు గీతలకి చోటుంటుంది. ఒకటి రొయ్యది, అది వస్తే పరీక్ష సరిగ్గా నడిచినట్టు. రెండోది వైరస్‌ది, అది వస్తే పిల్లకి రోగం ఉన్నట్టు. అన్నిటికీ మొదటి గీత చక్కగా వచ్చింది, రెండోది రాలేదు. మరి చెరువులోకి రోగం ఎలా వెళ్ళింది? పరీక్షకి వచ్చిన పిల్ల వేరు, చెరువులోకి వెళ్ళిన పిల్ల వేరు అయ్యుండాలి. పిల్లని పుట్టించి అమ్మే హేచరీ నుంచి నమూనా తెచ్చేది ఎవరు? శ్యామ్ బాబు.

లాబ్‌లో నేను కాకుండా ఉన్నది అతనొక్కడే. ముప్పై అయిదేళ్ళుంటాయి, పిల్లలు గలవాడు, నాకంటే ముందు నుంచీ పనిచేస్తున్నాడు. నెమ్మదిగా ఉంటాడు, మరీ నెమ్మదిగా. సంక్రాంతి వెళ్ళగానే కొత్త బండి మీద వచ్చాడు. ఎక్కడిదని అడిగితే "తమ్ముడు కువైట్ నుంచి కొనిపెట్టేడండి" అన్నాడు. ఆ తమ్ముణ్ణి ఎవరు చూశారు?

మా యజమాని బుచ్చిరాజు గారు మార్చి 10న రైతులందరినీ పిలిచి మాట్లాడతారట. తప్పు ఎవరిదో ఆ రోజు తేలాలట, తేలినవాళ్ళు వెళ్ళిపోవాలట. నా అనుమానం ఎవరి మీదో కాగితం మీద రాసి ఇమ్మన్నారు. ఇవ్వకపోతే ఆ వెళ్ళేది నేనే. ఈ జిల్లాలో ఇంకే లాబూ నన్ను చేర్చుకోదు.

నువ్వు ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పిన మనిషివి. ఇలాంటి మోసాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పు.

నీ
కరుణ


రామచంద్రపురం,
ఫిబ్రవరి 16

చిరంజీవి కరుణకు దొడ్డమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదవడానికి మూడుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాను. తీరా చూస్తే తప్పు అద్దాలది కాదు, నీ చేతిరాతది. ఇంత చదువూ చదివి కోడి గెలికినట్టు రాస్తావేమే?

ఎవరో మాటలు ఆపేశారని టీ వదిలేసి వచ్చావా? కూర్చుని రెండోది కూడా తాగి రావాల్సింది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మీ అమ్మ పోతే, "పాపం తల్లిలేని పిల్ల" అని వీధిలో జాలిపడేవాళ్ళ ముందు నుంచే నిన్ను రోజూ బడికి నడిపించాను. తల దించుకుని నడవడం నేను నేర్పలేదు నీకు.

ఇక అసలు విషయం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టు. నిప్పు లేనిదే పొగ రాదు. ఒక రోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నువ్వే హేచరీకి వెళ్ళు. నీ కళ్ళ ముందు పిల్లని పట్టించి, సీలు వేసి, నీ చేత్తోనే తీసుకురా. కామరాజు గారి చెరువులో చచ్చిన రొయ్యలు దొరికితే అవీ తెచ్చి పరీక్ష చెయ్యి. అప్పుడు గీత వచ్చిందనుకో, ఇన్నాళ్ళూ నమూనాలు దారిలో మారిపోయినట్టే.

ఇంకో రెండు సంగతులు రాయి. రోగం ఉందని ముందే తెలిసిన నమూనాని పక్కన పెట్టి పరీక్ష నడుపుతున్నారా లేదా? వైరస్‌ని వెతికే ప్రైమర్లు, అదే ఆ చిన్న డీఎన్ఏ ముక్కలు, ఎప్పుడు తెప్పించారు? ఆర్డరు కాగితం నకలు కూడా పంపు. ముసలిదానికి ఎందుకూ అనకు. పెన్షను తింటూ కూర్చున్న బుర్రకి కాస్త మేత కావాలి.

అతన్ని అడిగి చూడు, కానీ అడిగినట్టు ఉండకూడదు. తప్పు చేసినవాడు అడక్కుండానే సమాధానం చెబుతాడు.

వేళకి తిను.

దొడ్డమ్మ
సత్యనారాయణమ్మ


రాజోలు,
ఫిబ్రవరి 24

దొడ్డమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. నా అనుమానం ఇప్పుడు రెట్టింపయింది.

గురువారం సెలవని చెప్పి హేచరీకి వెళ్ళాను. నా ఎదురుగానే తొట్టిలో పిల్లని పట్టించాను, సంచి మూతికి నా సంతకం ఉన్న కాగితం అంటించాను. వస్తూ కామరాజు గారి దగ్గర ఆగాను. ఆయన చచ్చిన రొయ్యల్ని ఐస్‌లో దాచి ఉంచారు, రుజువు కోసమట. నన్ను కూర్చోమనలేదు. "తీసుకెళ్ళండమ్మా, ఈసారన్నా ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అన్నారంతే. ఆ రొయ్యల పెంకుల మీద మచ్చలు గుడ్డివాడికైనా కనిపిస్తాయి.

శుక్రవారం రెండూ పరీక్షకి పెట్టాను. రెండింటికీ వైరస్ లేదనే వచ్చింది! రొయ్య గీత మాత్రం రెండింటికీ కొట్టొచ్చినట్టు ఉంది.

ఎలా జరిగిందంటావా? మధ్యాహ్నం అన్నానికి వెళ్ళాను. ముప్పావు గంట అతనొక్కడే ఉన్నాడు. ట్యూబులు మార్చడానికి అది చాలదూ? నేను వచ్చేసరికి సబ్బుతో బల్ల కడుగుతున్నాడు. రోజూ కడుగుతాడనుకో. కానీ ఆ రోజు కడగడమే నాకు తేడాగా తోచింది.

ఫలితం చూసి అతను ఏమన్నాడో విను. "మచ్చలు కంటికి కనపడుతుంటే మిషను లేదంటోందంటే, ముందు మిషన్నే అడగాలండి మేడం. మనుషుల్ని తరవాత అడుగుదురు గాని." నేను అతన్ని ఒక్క మాట కూడా అనలేదు దొడ్డమ్మా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మనుషుల్ని అడగడం గురించి తనే ఎత్తాడు. నువ్వన్నట్టే అడక్కుండానే సమాధానం చెప్పాడు.

నువ్వు అడిగినవి రాస్తున్నాను. రోగం ఉన్న నమూనా నవంబరులో అయిపోయింది. కొత్తది తెప్పించమని బుచ్చిరాజు గారికి రెండుసార్లు చెప్పాను. "రొయ్య గీత వస్తోంది కదమ్మా, పరీక్ష నడుస్తున్నట్టే కదా" అన్నారు. నాకూ సబబే అనిపించి ఊరుకున్నాను. పాత కిట్టు అయిపోయాక వైరస్ ప్రైమర్లు మేమే విడిగా తయారు చేయించుకున్నాం. డిసెంబరు నుంచి అవే వాడుతున్నాం. వాటి డీఎన్ఏ అక్షరాల వరసలు రెండూ నువ్వు సైన్సు పత్రికలో వెతికి కార్డు మీద రాసి పంపావు, గుర్తుందా? వాటినే ఆర్డరు కాగితంలో ఎక్కించాను. కొత్త పనికి శుభమని కార్డుకి పసుపు కూడా పెట్టావు, అదీ రెండు మూలలకే. పసుపు దగ్గర కూడా పిసినారితనమేనా అని నవ్వుకున్నాను. నకలు ఇందులో పెడుతున్నాను. అక్షరాలకీ దొంగతనానికీ ఏం సంబంధమో నాకు తెలీదు.

ఫిర్యాదు కాగితం రాయడం మొదలుపెట్టాను.

కరుణ


రామచంద్రపురం,
మార్చి 2

చిరంజీవి కరుణకు,

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, కాస్త నలతగా ఉండి రాయలేకపోయాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. తులసి వాళ్ళు మురమళ్ళ వెళ్ళి వీరేశ్వరస్వామి కల్యాణం చేయించుకుని వచ్చారు. ప్రసాదం నీకోసం దాచి ఉంచాను.

కరుణా, నాకో మాట తోచింది. ఆ ఫిర్యాదు కాగితం ఇవ్వకు. శ్యామ్ బాబు జోలికి వెళ్ళకు. నీళ్ళు మార్చేటప్పుడో, కాకుల వల్లో, పక్క చెరువు నుంచో కూడా రోగం రావచ్చు. మీటింగులో అదే చెప్పి ఊరుకో. ఆ ఉద్యోగం నీకు తగినది కాదు. ఇక్కడ ఒక కాలేజీలో ట్యూటరు ఖాళీ ఉంది, నేను మాట్లాడాను. పదో తారీకు ముందే రాజీనామా ఇచ్చి వచ్చేస్తే మరీ మంచిది.

నేను రాసిన ఆ కార్డు ఇంకా నీ దగ్గర ఉందా? ఉంటే చింపి పారెయ్యి. పాత కాగితాలు పెట్టుకుని ఏం చేస్తావు?

ఆరోగ్యం జాగ్రత్త.

దొడ్డమ్మ


రాజోలు,
మార్చి 5

దొడ్డమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో ఒక్క తిట్టు లేదు. నా చేతిరాత మీద మాట లేదు, తిండి మీద సతాయింపు లేదు. నాకు అదే భయం వేసింది. అది నువ్వు రాసినట్టు లేదు.

పోయిన నెల "దొంగను పట్టు" అన్నది నువ్వే. ఇప్పుడు కాకులు, పక్క చెరువులు అంటున్నది నువ్వే. మధ్యలో ఏం జరిగింది? నీకు ఎవరైనా చెప్పారా? ఎవరైనా నీ దగ్గరికి వచ్చారా?

నేను అడిగి తెలుసుకున్నాను. శ్యామ్ బాబుది కపిలేశ్వరపురం. డిగ్రీ మీ కాలేజీలో చదివాడు. వాళ్ళమ్మ వీరాయమ్మ కొబ్బరి పీచు తాళ్ళు పేని అమ్మేది, మనింటికి కూడా తెచ్చి ఇచ్చేది. అంటే అతను నీ శిష్యుడు! నా మొదటి ఉత్తరంలోనే పేరు చూసి పోల్చుకుని ఉంటావు. ఒక్క ముక్క చెప్పలేదే? నేను అతని మీద కాగితం రాస్తున్నానని తెలియగానే, ఉన్న ఉద్యోగం మానుకుని వచ్చేయమంటావా? ఆ కార్డు చింపేయమనడం ఏమిటి? దానిలో ఏముంది?

నిన్ను అనుమానించాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు నా నుంచి ఏదో దాస్తున్నావు.

ఫిర్యాదు కాగితం పూర్తయింది, నా బ్యాగులో ఉంది. పదో తారీకు ఉదయం పదకొండుకి మీటింగు. ఈలోగా నిజం రాయి. రాకపోతే ఆ కాగితం బుచ్చిరాజు గారి చేతిలో పెడతాను. తర్వాత అతని ఉద్యోగం పోయిందని నన్ను అనకు.

కరుణ


రామచంద్రపురం,
మార్చి 7

కరుణా,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. నిదానంగా చదువు.

శ్యామ్ బాబు దొంగ కాదు. మీ లాబ్‌లో దొంగే లేడు. తప్పు ఆ ప్రైమర్లలో ఉంది, ఆ తప్పు నాది.

డీఎన్ఏ రెండు పేటల తాడు, ఇది నీకు కొత్త కాదు. ఒక్కో పేటకీ ఒక తల, ఒక తోక ఉంటాయి. తల కొసని ఐదు అనీ, తోక కొసని మూడు అనీ పుస్తకాల్లో రాస్తారు. పేటలో ఉండే చక్కెరలోని కార్బన్లకి వేసిన వరస అంకెలవి. మనం మరిచిపోయేది ఏమిటంటే, రెండు పేటలూ పక్కపక్కనే ఉన్నా ఎదురెదురుగా నడుస్తాయి. మీ వీధిలో ఎవరైనా పలుపు తాడు పేనుతుంటే వెళ్ళి చూడు. ఒకటే పొడవాటి పేటని మేకుకి తగిలించి, మడిచి, రెండు సగాలనీ మెలిపెడతారు. ఒక సగం మేకు వైపు నడుస్తుంటే, రెండో సగం మేకు నుంచి వెనక్కి నడుస్తుంది. డీఎన్ఏ మడిచిన తాడు కాదు, రెండూ వేరు పేటలే. కానీ నడక మాత్రం అచ్చం అదే.

ఇంకొకటి. పీచు పేనేవాళ్ళు కొత్త పీచుని పేట తోక కొసకే కలుపుతూ పోతారు, మొదలు దగ్గర కలపలేరు. డీఎన్ఏ నకలు తీసే ఎంజైము కూడా అంతే, మూడు అన్న కొసకే కొత్త అక్షరం అతికిస్తుంది. కాబట్టి ప్రైమరుని ఏ కొస నుంచి చదవాలన్నది ప్రాణం లాంటిది. తిరగేస్తే అక్షరాలు అవే ఉంటాయి గాని వైరస్‌కి అతుక్కోవు. అతుక్కోకపోతే నకలు లేదు, గీత లేదు. ఎంత రోగమున్నా లేదనే వస్తుంది. రొయ్య గీతకి వాడేది పాత ప్రైమరు, అది మంచిదే కాబట్టి ఆ గీత వచ్చింది, మీరందరూ నమ్మారు.

ప్రైమరు చేసేవాళ్ళు ఏ కాగితమైనా ఎడమ చివరే తల అనుకుని చేస్తారు. కార్డు మీద పై వరస తల ఎడమ పక్క ఉంది, అది సరే. కింది వరస తల కుడి పక్క ఉంది. దాన్ని కుడి నుంచి ఎడమకి తిప్పి రాసి పంపాల్సింది. నేను తిప్పకుండా, ఏ గుర్తూ పెట్టకుండా అలాగే రాసేశాను. నువ్వు నన్ను నమ్మి, ఉన్నది ఉన్నట్టు ఎక్కించావు. నువ్వు పంపిన నకలు చూసిన రోజే తెలిసింది.

తెలిసి కూడా వారానికి పైగా నోరు విప్పలేదు. రిటైరైన టీచరుకి మిగిలేది పేరొక్కటే, అది పోతుందేమోనని భయపడ్డాను. రాజీనామా ఇచ్చి వచ్చేయమన్నది అందుకే. శ్యామ్ బాబు నా క్లాసులో మూడో బెంచీలో కూర్చునేవాడు. మొదటి ఉత్తరంలోనే పోల్చుకున్నాను. చెబితే శిష్యుణ్ణి వెనకేసుకొస్తున్నానని అంటావని ఊరుకున్నాను, పైగా నీ అనుమానానికి ఆజ్యం కూడా పోశాను. సిగ్గుగా ఉంది.

మీటింగులో ఈ ఉత్తరం చదివి వినిపించు. మొత్తం నేను చేసిన తప్పని చెప్పు. నన్ను ఏమన్నా అనుకోనీ, నేను రాజోలు వచ్చి టీ తాగాల్సిన పనిలేదు. రెండో ప్రైమరుని తిప్పి రాసి మళ్ళీ ఆర్డరివ్వు, కామరాజు గారి రొయ్యలతోనే పరీక్ష చెయ్యి.

కార్డు మాత్రం వద్దు. ఈ ఉత్తరం చాలు.

దొడ్డమ్మ


రాజోలు,
మార్చి 22

దొడ్డమ్మా,

నీ ఉత్తరం తొమ్మిదో తారీకున అందింది. చదివి ఏడ్చాను. నా పేరు నిలబడిందని సంతోషం, నీ పేరు పోతుందని దుఃఖం, రెండూ ఒకేసారి. మర్నాడు మీటింగులో దాన్నే చదవాలని నిశ్చయించుకున్నాను.

ఉత్తరంతోపాటు కార్డు కూడా చూపిస్తే ఎవరూ కాదనలేరని, నువ్వు వద్దన్నా దానికోసం వెతికాను. ఎక్కడ ఉందనుకున్నావు? లాబ్‌లో అమ్మవారి పటం వెనక. పసుపు పెట్టిన కాగితాన్ని ఎక్కడో పడేయలేక నేనే అక్కడ పెట్టాను. పదో తారీకు తొమ్మిదిన్నరకి స్టూలు ఎక్కి తీస్తుంటే, స్టూలు కదలకుండా పట్టుకున్నది శ్యామ్ బాబు. కార్డు చూసి అతని మొహం వెలిగిపోయింది.

"ఇది మా సత్యనారాయణమ్మ మేడం గారిదేనాండీ? తాడు పసుపు పెట్టేరు!"

తాడు పసుపు ఏమిటని అడిగాను. "ఆయ్, మాకు క్లాసులో అలాగే చెప్పేవారండి. అయిదు, మూడు అంటే మేం తికమక పడతన్నామని మా అమ్మ చేత రెండు పేటలు తెప్పించి, ఒక్కోదాని తలకీ పసుపు రాసేవారండి. మెలేశాక ఒక పసుపు ఇటు, ఒక పసుపు అటు వచ్చేది" అని చెప్పి, వేలితో కార్డు కింది మూల చూపించాడు. "కింది దాని తల ఇటుందండి, కుడేపు. దీన్ని ఇటు నుంచి చదవాలి మేడం. తమరు ఎటు నుంచి రాసేరండి?"

దొడ్డమ్మా, నువ్వు గుర్తు పెట్టావు. పై వరసకి ఎడమ మూల, కింది వరసకి కుడి మూల. రెండు మూలలకే ఎందుకు పెట్టావో నాకు అప్పుడు తెలిసింది. ఇంటర్ సెలవుల్లో వరండా కిటికీ ఊచకి తాడు కట్టి నాకూ ఇదే చెప్పావు, చేతులకి పసుపు అంటిందని నేను విసుక్కున్నాను. నువ్వు సరిగ్గా రాశావు. శుభం కోసం పెట్టిన పసుపనుకుని, అక్షరాలు ఎత్తుకుని తలలు వదిలేసింది నేను. నీ ఉత్తరంలో తాడంతా చెప్పి, పసుపు మాట ఒక్కటి మింగేశావు. కార్డు చింపమన్నది నీ తప్పు దాచడానికి కాదు, నాది దాచడానికి.

అతన్ని అడిగాను, డిసెంబరులోనే ఈ మాట ఎందుకు చెప్పలేదని. "ఈ కార్డు నాకెప్పుడు చూపించేరండి?" అన్నాడు. నిజమే. ఆర్డరు కాగితాలు అతనికి చూపించేదాన్ని కాదు. నా టేబుల్ సొరుగుకి తాళం వేసేదాన్ని.

నా బ్యాగులో రెండు కాగితాలు ఉన్నాయి, అతని మీద ఫిర్యాదు ఒకటి, నీ ఉత్తరం ఒకటి. ఏది చదివినా నేను బయటపడతాను. మీటింగుకి ఇంకా గంటన్నర ఉంది. కార్డు సంగతి తెలిసింది మా ఇద్దరికే, అతను ఎదురు మాట్లాడే మనిషి కాదు. కాసేపు ఆలోచించానని కూడా రాస్తున్నాను, నీ దగ్గర దాచను.

ఫిర్యాదు తీసి అతనికే ఇచ్చాను. నిలబడే చదివాడు, రెండు పేజీలూ. బండి గురించి, బల్ల కడగడం గురించి, తమ్ముడు లేడేమోనన్న దాని గురించి. నా మీద అరుస్తాడనుకున్నాను. మడత పెట్టి, "ఇది నేనుంచుకోవచ్చాండీ?" అని అడిగి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేకపోయాను.

మీటింగులో కార్డు పట్టుకుని నిలబడి, నా వల్ల జరిగిందని చెప్పాను. రోగం ఉన్న నమూనా లేకుండా నాలుగు నెలలు సంతకాలు పెట్టానని కూడా చెప్పాను. దానికి బుచ్చిరాజు గారు నేల చూశారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గాని, సంతకం ఒక్కదానిదే కాబట్టి నా పిడికిలే పెద్దది. కామరాజు గారు, "దొంగతనం అయితే తిట్టి ఊరుకునేవాళ్ళమమ్మా. పొరపాటైతే ఎవర్ని తిట్టాలి?" అన్నారు. కొత్త ప్రైమరు పద్దెనిమిదిన వచ్చింది. ఇరవైన ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, ఆయన దాచిన రొయ్యలతోనే పరీక్ష చేశాం. వైరస్ గీత వచ్చింది. ఆయన దాన్ని చూసి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు, సంతకం తీసేశారు. ఇక నుంచి రిపోర్టుల మీద సంతకం శ్యామ్ బాబుది. బస్సెక్కి హేచరీకి వెళ్ళి పిల్ల తెచ్చేది నేను.

నీ మీద కోపంగా ఉంది. నన్ను కాపాడాలని అతన్ని అన్ని రోజులు నా నోటికి వదిలేశావు. అమ్మ ఉంటే ఏం చేసేదో తెలీదు గాని, నువ్వు చేసింది మాత్రం తప్పు. ఈ కోపం తగ్గాక వస్తాను. ప్రసాదం పాడైపోయి ఉంటుంది, పారెయ్యి. నీ ఉత్తరం ఇందులోనే పెట్టి వెనక్కి పంపుతున్నాను, ఎవరికీ చదివి వినిపించలేదు. కార్డు నా దగ్గరే ఉంటుంది.

ఇవాళ మొదటిసారి పిల్లని తెచ్చాను. ఎండన పడి రెండు బస్సులు మారి వచ్చి సంచి బల్ల మీద పెట్టాను. శ్యామ్ బాబు లేచి వచ్చి సీలు చూశాడు, సంచి మూతిని అటూ ఇటూ తిప్పి చూశాడు, రిజిస్టరు తెరిచాడు.

"ఏ తొట్టిలోది మేడం ఇది? పట్టేటప్పుడు తమరు పక్కనే ఉన్నారాండీ?"

ఉన్నానని చెప్పాను. "దారిలో ఎక్కడైనా కింద పెట్టేరాండీ?" అని మళ్ళీ అడిగాడు. పెట్టలేదని చెప్పాను. అన్నీ రాసుకున్నాడు.

కరుణ